ప్లాస్టిక్ పక్షికి ఒక కోడ్, ప్లాస్టిక్ పువ్వుకి ఇంకోటి

ప్రశ్న: మొదటిసారి విదేశం నుంచి అలంకరణ సామాను తెప్పిస్తున్నానండీ. షోకేసులో పెట్టే చిన్న పక్షులు, పూలతీగలు, క్రిస్మస్ చెట్టుకి కట్టే బంతులు, ఎల్ఈడీ లైట్ల దండలు. అన్నీ ప్లాస్టిక్కే కదా, మొత్తం 3926.40 (ప్లాస్టిక్ అలంకరణ వస్తువుల కస్టమ్స్ కోడ్) కింద వేసేద్దాం అంటున్నారు క్లియరింగ్ ఏజెంట్. సరేననాలా? తర్వాత కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: సరేననకండి. ఆయన చెప్పింది పక్షుల వరకే సరిపోతుంది.

ప్లాస్టిక్ అనగానే టారిఫ్‌లో, అంటే కస్టమ్స్ కోడ్‌ల పట్టికలో, 39వ చాప్టర్ తెరవడం అందరికీ అలవాటే, కానీ ఆ చాప్టర్ మొదట్లో ఉండే నోట్స్ ఎవరూ చదవరు. ఇందులోకి రానివి ఏవో అక్కడే చెప్పేశారు, వాటిలో కృత్రిమ పూలున్నాయి, లైట్లున్నాయి, ఆటవస్తువులూ పండగ సామానూ ఉండే 95వ చాప్టర్ మొత్తం ఉంది. అంటే ముందు ఆ వస్తువు ఏమిటో, దేనికి వాడతారో చూడాలి. దేంతో చేశారన్నది ఆ తర్వాతి మాట.

పక్షుల సంగతే తీసుకోండి. మనకి ఆడుకునేదీ బొమ్మే, అలమరలో పెట్టుకునేదీ బొమ్మే, టారిఫ్‌లో మాత్రం పిల్లలు ఆడుకునేది 9503, ఊరికే చూసుకునేది 3926.40. కాబట్టి ఇన్వాయిస్‌లో 'బొమ్మలు' అని రాయించొద్దు.

పూలతీగల దగ్గర కాస్త ఆగాలి. రేకులు, ఆకులు, కాడ విడివిడిగా చేసి ఒకదాంట్లో ఒకటి గుచ్చినవో, అతికించినవో, కట్టినవో అయితే 6702.10. అదే పువ్వు మొత్తం ఒకే అచ్చులో పోసి తీసిందైతే 67వ చాప్టర్ నోట్ దాన్ని బయటికి పంపేస్తుంది, అప్పుడది మళ్లీ ప్లాస్టిక్ అలంకరణ వస్తువే. ఫొటోలో ఈ తేడా తెలియదు, శాంపిల్ తెప్పించుకుని ఒక పువ్వు విప్పి చూడండి.

బంతులు 9505.10. చెట్టుకి కట్టే తళుకు దండలు, ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు కూడా అందులోకే, కానీ ఆ చెట్టు నిలబెట్టే స్టాండ్ విడిగా వస్తే రాదు, అది దేంతో చేశారో ఆ చాప్టర్‌కి పోతుంది (నవ్వొస్తుంది కానీ రూల్ అదే). క్రిస్మస్ తాత బొమ్మ వేసిన ప్లాస్టిక్ ప్లేటూ పండగ వస్తువు కాదు, తినడానికి వాడేది కాబట్టి 3924. పండగ సీజన్‌లో అమ్ముతున్నాం అన్న వాదనా నిలవదు, పండగ ఆనవాలు వస్తువులోనే కనిపించాలి.

లైట్ల దండలు 94వ చాప్టర్. క్రిస్మస్ చెట్లకి వాడే రకమై, ఎల్ఈడీలతో మాత్రమే పనిచేసేవైతే 9405.31, ఇది కోడ్‌ల పట్టికకి 2022లో చేసిన సవరణలో వచ్చిన కొత్త సబ్‌హెడింగ్ (ఆరంకెల కోడ్). పాత జాబితాలో 9405.30 అని ఉంటుంది, మీ ఏజెంట్ ఏది చూస్తున్నారో కనుక్కోండి.

కోడ్‌లో ఈ మొదటి ఆరంకెలూ హెచ్ఎస్ (సరుకులకి కోడ్‌లిచ్చే అంతర్జాతీయ పద్ధతి) వాడే దేశాలన్నిటికీ ఒకటే, ఆ తర్వాతి అంకెలూ డ్యూటీ శాతమూ ఏ దేశానికి ఆ దేశానివే. ఇంకా అనుమానం ఉంటే సరుకు బయల్దేరకముందే కస్టమ్స్‌కి శాంపిల్‌తో దరఖాస్తు పెట్టి అడ్వాన్స్ రూలింగ్ (ఏ కోడ్ వర్తిస్తుందో ముందే చెప్పే అధికారిక నిర్ణయం) తీసుకోండి. ఇన్వాయిస్‌లో 'ప్లాస్టిక్ డెకరేషన్ ఐటమ్స్' అని ఒకే లైన్ ఉంటే మాత్రం ఇవాళే సప్లయర్‌కి చెప్పి నాలుగు లైన్లు చేయించండి.