ట్రయల్‌లో కదలకుండా నిలబడి కళ్ళు తిరిగి పడిపోవడం: నాకూ జరిగింది

మీ చెల్లి పెళ్ళి లెహంగా ట్రయల్‌లో ముప్పావు గంట నిలబడి కళ్ళు తిరిగి పడిపోయిందని, చేతులు కొట్టుకున్నాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు ఫిట్స్ అంటున్నారని, పెళ్ళిరోజు కూడా ఇలాగే అయితే ఎలా అని అడిగారు. నాకు అచ్చంగా ఇదే జరిగింది. నేను డాక్టర్ని కాను, నాకు జరిగింది, నన్ను చూసిన డాక్టరు గారు చెప్పింది రాస్తున్నా.

అన్నిటికంటే ముందు, పడేటప్పుడు తల గోడకి తగిలిందని రాశారు కదా. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు అవుతున్నా, మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా ఇది చదవడం పక్కన పెట్టి వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

మాది గుంటూరు. రిసెప్షన్‌కి గౌను కుట్టించుకుందామని విజయవాడ వస్త్రలతలో నెట్టు, లైనింగు కొని, బ్రాడీపేటలో మేడ మీద ఉన్న ఒక టైలర్ షాపులో ఇచ్చాం. మే నెల, మధ్యాహ్నం పన్నెండున్నరకి ట్రయల్, పైగా శనివారం, నాకు ఒక్కపొద్దు, పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. గౌను కింద అంచు చుట్టూ సమానంగా రావాలంటే మనిషి స్టూలు మీద నిటారుగా, కదలకుండా నిలబడాలి, కొంచెం వంగినా ఒక పక్క లేచిపోతుంది. మాస్టర్ గారు కింద మోకాళ్ళ మీద కూర్చుని, పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు పట్టుకుని, జానెడు దూరానికి ఒకటి చొప్పున గుచ్చుకుంటూ నా చుట్టూ తిరుగుతున్నారు. నెట్టు ఎగిరిపోతోందని ఫ్యాన్ ఆపేశారు. "కదలకమ్మా, అయిపోయింది, ఇంకొంచెమే" అంటూనే అరగంట దాటింది.

మొదట ఆవులింత వచ్చింది. రాత్రి నిద్ర లేదు, అందుకేలే అనుకున్నా. వెంటనే ఇంకోటి, ఇంకోటి. తర్వాత మెడ వెనక చల్లటి చెమట, నోట్లో నీళ్ళూరడం, కడుపులో తిప్పడం. పక్కనే తొక్కుతున్న కుట్టుమిషను చప్పుడు ఎక్కడో నూతి అడుగు నుంచి వస్తున్నట్టు అయిపోయింది, అద్దంలో నా మొహం మాత్రం కనిపిస్తోంది, దాని చుట్టూ ఉన్నదంతా అంచుల నుంచి నల్లబడుతూ వస్తోంది. అప్పుడైనా "ఒక్క నిమిషం కూర్చుంటాను మాస్టర్ గారూ" అని ఉంటే అక్కడితో పోయేది. వయసులో పెద్దాయన కింద కూర్చుని పని చేస్తుంటే ఆపమనడానికి మొహమాటపడ్డాను.

ఆ తర్వాత జరిగింది మా అమ్మ చెప్తే తెలిసింది. నేను ఒరిగిపోతుంటే అమ్మ, షాపులో పనిచేసే అమ్మాయి కలిసి చంకల్లో చేతులు వేసి నన్ను అలాగే నిలబెట్టి పట్టుకున్నారట. పడిపోకూడదని ప్రేమతో చేసిన పనే, కానీ చేయకూడనిది కూడా అదే. నా కళ్ళు పైకి తేలిపోయాయి, చేతులు నాలుగైదు సార్లు కొట్టుకున్నాయి, ఎవరో ఫిట్స్ ఫిట్స్ అని అరిచి తాళాలు తెచ్చి చేతిలో పెట్టారు, ఇంకొకరు నోట్లో నీళ్ళు పోయబోయారు. మాస్టర్ గారే "ముందు పడుకోబెట్టండి" అని కేకేశారట. నేల మీద పడుకోబెట్టి కాళ్ళు స్టూలు మీద పెట్టగానే అర నిమిషంలో కళ్ళు తెరిచి "అమ్మా" అన్నాను. ఎక్కడ ఉన్నానో, ఎందుకు వచ్చానో అన్నీ గుర్తున్నాయి.

సాయంత్రం డాక్టరు గారు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మళ్ళీ బీపీ చూశారు, ఈసీజీ తీయించారు, రక్తపరీక్ష రాశారు. ఈసీజీ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ మాత్రం 9.4 వచ్చింది, మూడు నెలలు ఐరన్ మాత్రలు వాడాను. నాకు వచ్చినదాన్ని వేసోవేగల్ సింకోప్ అంటారట, ఆయన కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. మనం లేచి నిలబడగానే అరలీటరు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్ట కిందికి దిగిపోతుంది. నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ వదులవుతూ ఆ రక్తాన్ని పైకి పిండి పంపిస్తాయి. మోకాళ్ళు బిగపెట్టి బొమ్మలా నిలబడితే ఆ పని ఆగిపోతుంది. దానికి ఎండ తోడైతే చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, నీళ్ళు సరిగ్గా తాగకపోతే రక్తం పరిమాణమే తగ్గుతుంది. ఒక దశలో శరీరం తప్పుడు సిగ్నల్ ఇచ్చి గుండె వేగం తగ్గిపోతుంది, రక్తనాళాలు వదులైపోతాయి, బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకి రక్తం చాలదు, మనిషి పడిపోతుంది. అడ్డంగా పడుకుంటే తల, గుండె ఒకే ఎత్తుకి వస్తాయి కాబట్టి రక్తం వెంటనే అందుతుంది. నిలబెట్టి పట్టుకుంటే అందదు, అందుకే నా చేతులు కొట్టుకున్నాయి. మామూలు స్పృహ తప్పడంలో కూడా కొన్ని సెకన్లు అలా కొట్టుకోవడం ఉంటుందట.

మా తమ్ముడు ఎన్‌సీసీలో ఉన్నప్పుడు పరేడ్‌లో పిల్లలు ఇలాగే పడిపోయేవాళ్ళు. అటెన్షన్‌లో ఉన్నా బూట్ల లోపల కాలివేళ్ళు ఆడిస్తూ ఉండమని వాళ్ళకి చెప్పేవారట. బడిలో ప్రార్థన జరుగుతుంటే ఎండలో పిల్లలు తూలిపోవడం మనందరం చూసిందే, అదీ ఇదీ ఒకటే.

ఫిట్స్ సంగతికి వస్తే, ఫిట్స్ వచ్చిన మనిషి చాలాసార్లు చాలాసేపు అయోమయంగా ఉంటుంది, నాలుక పక్కన కొరుక్కుంటుంది. ముందు ఆవులింతలు, చెమట, మొహం పాలిపోవడం ఉండి, పడుకోబెట్టగానే నిమిషంలోపే తెలివిగా మాట్లాడితే అది చాలావరకు మామూలు సొమ్మసిల్లడమే. అలాగని మీ అంతట మీరే తేల్చేయొద్దు. మొదటిసారి కాబట్టి ఒక ఈసీజీ, బీపీ, హిమోగ్లోబిన్ తప్పకుండా చూపించండి. ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి పడిపోయినా, మెట్లెక్కుతూనో పరుగెడుతూనో పడిపోయినా, కూర్చునో పడుకునో ఉన్నప్పుడు స్పృహ తప్పినా, ముందు గుండెదడ, ఛాతీనొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఆలస్యం చేయకుండా గుండె డాక్టరుకే చూపించాలి. దిష్టి తీయించాలనుకుంటే తీయించుకోండి, పరీక్షలు మాత్రం మానొద్దు.

రెండో ట్రయల్‌కి ఇడ్లీలు తిని, రెండు గ్లాసుల ఉప్పేసిన మజ్జిగ తాగి పొద్దున తొమ్మిదింటికే వెళ్ళాం (బీపీ ఎక్కువగా ఉండి మందులు వాడేవాళ్ళు మాత్రం ఉప్పు సంగతి డాక్టర్ని అడగాలి). మాస్టర్ గారే కుర్చీ వేసి ఉంచారు. నడుము, భుజాలు ఒకసారి, కింద అంచు ఒకసారి, మధ్యలో కూర్చోబెట్టి చేశారు, ఫ్యాన్ ఆపలేదు, అమ్మ నెట్టు పట్టుకుని కూర్చుంది. నడుము బెల్టు కూడా మొదటిసారి అంత బిగించకుండా ఊపిరి ఆడేలా పెట్టారు. స్టూలు ఎక్కకుండా నేల మీదే నిలబడ్డాను, మీరూ అదే అడగండి, ఎత్తు మీద నుంచి పడితే దెబ్బ పెద్దది. ఇంకో సంగతి, ఒంటి మీద గుండుసూదులు ఉన్నప్పుడు కళ్ళు తిరిగితే ముందు పడుకోబెట్టి తర్వాతే సూదులు తీయండి, సూదులు తీసేదాకా నిలబెట్టొద్దు.

మీ చెల్లికి ఒకటి నేర్పించండి. ఆవులింతలో, చెమటో మొదలవగానే రెండు కాళ్ళు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి తొడలు, పిక్కలు, పిరుదులు గట్టిగా బిగపట్టాలి, చేతులు రెండూ ఒకదానిలో ఒకటి పెనవేసి బయటికి లాగుతూ ఉండాలి. బీపీ కొంచెం పైకి వస్తుంది, కూర్చోడానికి టైము దొరుకుతుంది. అదీ కుదరకపోతే చెప్పులో పిన్ను సరిచేసుకుంటున్నట్టు గొంతుకూర్చుంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

పెళ్ళిలో ఎలాగూ పీటల మీద కూర్చునే ఉంటుంది, అక్కడ లేచేటప్పుడు గబుక్కున లేవకుండా చూడండి. ముహూర్తం దాకా ఉపవాసం ఉంటే పాలు, కొబ్బరినీళ్ళు తాగనిస్తారేమో పురోహితుడి గారిని ముందే అడగండి, మాకు ఒప్పుకున్నారు. నాకు భయం వేసింది రిసెప్షన్‌కే. స్టేజి మీద లైట్ల వేడి, మూడు గంటలు నిలబడి ఫోటోలు. ఫోటోగ్రాఫర్‌కి ముందే చెప్పాం, పది కుటుంబాలకి ఒకసారి సోఫాలో కూర్చోబెట్టేలా. గౌను కింద ఎవరికీ కనపడదు కాబట్టి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మారుస్తూ, మడమలు లేపుతూ దించుతూ నిలబడ్డాను. మా తమ్ముడు సోఫా వెనక నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి, నేను ఆవులిస్తున్నానా లేదా అని చూస్తూనే ఉన్నాడు. మీరు కూడా ఆ రోజు ఎవరో ఒకరికి ఆ పని ప్రత్యేకంగా అప్పగించండి, పెళ్ళి హడావిడిలో అందరూ చూస్తారులే అనుకుంటే ఎవరూ చూడరు.