‘ఫైన్ అమ్మా’ అంటున్నాడు, మొహం పీక్కుపోయింది

ప్రశ్న: మాది రాజమండ్రి. మా కుటుంబం కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, అంటే బయటివాళ్ళు మోర్మన్లు అనే సంఘంలో చేరి పన్నెండేళ్ళయింది. మా పెద్దవాడికి ఇరవై ఏళ్ళు. డిగ్రీ మధ్యలో ఆపి మిషన్‌కి, అంటే సంఘం తరఫున రెండేళ్ళ ప్రచార సేవకి వెళ్ళాడు. ప్రెస్టన్ దగ్గర శిక్షణ అయ్యాక ఇంగ్లండ్ ఉత్తరాదిలోనే వేశారు. అందులో ఎనిమిది నెలలు గడిచాయి. ప్రతి సోమవారం వీడియో కాల్ చేస్తాడు. ఏమడిగినా ‘ఫైన్ అమ్మా’ అంటాడు. డిసెంబరు నుంచి మొహం పీక్కుపోయింది. పోయిన వారం మావారు గదిలో లేనప్పుడు గొంతు తగ్గించి ‘అమ్మా, వచ్చేయనా?’ అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. మావారితో చెబితే, ‘మన బ్రాంచి (ఊళ్ళోని మా చిన్న సంఘం) నుంచి విదేశం వెళ్ళిన మొదటివాడు. మధ్యలో తిరిగొస్తే ఆదివారం నలుగురిలో తలెత్తుకోగలమా? పంటి బిగువున ఓర్చుకోమను’ అన్నారు. ఆనాటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఈ సోమవారం వాడికి ఏం చెప్పాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ‘వచ్చేస్తున్నాను’ అనలేదు, ‘వచ్చేయనా?’ అని అడిగాడు. మీరు రాసినదంతా చదివాక నా మనసు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. వస్తే మీరు రానిస్తారా అని వాడు తెలుసుకోవాలనుకుంటున్నాడు. దానికి వారం నుంచి జవాబు లేదు. ముందు ఆ జవాబు వెళ్ళాలి. ఉండటమా, రావడమా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

నేను మీ సంఘం దాన్ని కాను. అయినా ఆ పిల్లలు రోజు ఎలా గడుపుతారో కొంత తెలుసు. పొద్దున్న ఆరున్నరకి లేవడం, వ్యాయామం, ప్రార్థన, చదువు, ఆపైన తెల్లచొక్కా, టై, గుండె మీద నల్ల బ్యాడ్జీతో వీధిలోకి. రాత్రి పదిన్నరకి పడక. ఆ బ్యాడ్జీ మీద ‘ఎల్డర్’ అనీ, పక్కన ఇంటిపేరూ ఉంటాయి. మీరు పెట్టుకున్న పేరు అందులో ఉండదు. వారం పొడుగునా వాణ్ణి అందరూ ఇంటిపేరుతోనే పిలుస్తారు. సొంత పేరుతో పిలిచే గొంతు సోమవారం మీ ఇంటి నుంచే వినబడుతుంది. ఆ ఫోన్‌కి అంత విలువుంది.

ఇంకో సంగతి. మిషనరీ ఒంటరిగా ఉండకూడదు. తోటి మిషనరీ ఎప్పుడూ కనుచూపు మేరలో, మాట వినబడేంత దూరంలో ఉండాలి. పడుకునే గది కూడా ఒకటే. ఆ జతని పిల్లలు ఎంచుకోరు, పైవాళ్ళు కలుపుతారు. ఆరేసి వారాలకోసారి వచ్చే ట్రాన్స్‌ఫర్లలో అది మారిపోవచ్చు కూడా. ఒకడితో మనసు కలిసేసరికి ఇంకొకడు రావచ్చు. తనివితీరా ఏడవాలన్నా చాటు దొరకని బతుకు అది. మీ వీడియో కాల్ సమయంలో కూడా ఆ అబ్బాయి పక్కనే ఉండి ఉంటాడు. ‘ఫైన్’ అనే ఇంగ్లీషు మాట పక్కవాడు వింటాడని వచ్చినదే అయుండొచ్చు. మీరు మాత్రం ఇంగ్లీషు కలపకుండా మాట్లాడండి. మనకి అచ్చంగా ఇంట్లో వాడే మాటలుంటాయి కదా, వాటితోనే మాట్లాడండి. ఆ దేశంలో వాడికి చాటు ఇవ్వగలిగింది తెలుగే.

ఇప్పుడు జనవరి. అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. సన్నటి వాన, చలి. మనవైపు గుమ్మంలోకి వచ్చినవాణ్ణి లోపలికి పిలిచి మంచినీళ్ళిస్తాం. అక్కడ వాడు గుమ్మం బయటే నిలబడి మాట్లాడాలి. చాలామంది మర్యాదగానే ‘వద్దు బాబూ’ అని తలుపేసుకుంటారు. దయతలిచి లోపలికి రమ్మన్న ఏ పెద్దావిడైనా ముందు అడిగేది ‘టీ తాగుతావా’ అనే. మీ నియమం ప్రకారం వాడు టీ తాగకూడదు. రోజంతటిలో ప్రేమగా అందిన ఒకే ఒక్క కప్పునీ వద్దనాల్సి రావడం గోదావరి ఒడ్డున పెరిగిన పిల్లాడికి ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

దీనికి తోడు వాడు శిక్షణ పొందిన చోటు కూడా సామాన్యమైనది కాదు. ఇంగ్లండ్ వచ్చిన మీ సంఘం మొదటి మిషనరీలు 1837లో లివర్‌పూల్‌లో ఓడ దిగి, కొద్ది రోజుల్లోనే వెళ్ళింది ప్రెస్టన్‌కే. ఆ తర్వాతి ఏళ్ళలో ఆ దేశంలో వేలమంది బాప్తిస్మం తీసుకుని ఓడలెక్కి అమెరికా వెళ్ళారు. ఆ కథలు విని అదే వీధుల్లో తిరుగుతున్న కుర్రాడి మాట నెల తిరిగినా ఒక్కరూ వినకపోతే, కాలం మారిందని వాడికి తోచదు. తన విశ్వాసమే చాల్లేదనుకుంటాడు. ‘ఇంకా గట్టిగా ప్రార్థన చెయ్యి’ అని ఇంటి నుంచి కూడా వినబడితే ఆ తప్పంతా తనదేనని ఖాయం చేసుకుంటాడు.

అందుకని ఈ సోమవారం ‘తిన్నావా, బాగున్నావా’ అని అడగకండి. వాటికి ‘ఊఁ’ అనేస్తే సరిపోతుంది. నిన్న రాత్రి ఏం వండుకున్నారో, ఎవరు వండారో అడగండి. తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తోందా అని అడగండి. ఖాళీగా ఉండే సిద్ధపాటు దినాన ఒక్క పనైనా సరదాగా అనిపిస్తోందా అని అడగండి. మీ సంఘం మిషనరీల కోసం వేసిన చిన్న పుస్తకంలో మనసు మీది ఒత్తిడిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగులుగా చెప్పారు. మీ అబ్బాయి చూసే ఉంటాడు. ‘ఇవాళ ఏ రంగురా?’ అని మీరడిగితే వాడు ఒక్క మాటలో నిజం చెప్పగలడు.

ఇంటి మీద బెంగ వేరు, జబ్బు వేరు. బెంగపడేవాడు ఒక పూట ఏడ్చినా, మర్నాడు మీరు చెప్పిన చెల్లెలి అల్లరికి నవ్వుతాడు. వారాల తరబడి నిద్ర లేక, ముద్ద దిగక, దేనిమీదా ఆశ లేక, తాను పనికిరానివాణ్ణని అంటూ ఉంటే అది వైద్యం కావలసిన స్థితి. మీరు చెప్పిన పీక్కుపోయిన మొహం నన్ను కలవరపెడుతోంది. అక్కడి మిషనరీలందరికీ పెద్దదిక్కైన మిషన్ ప్రెసిడెంటుతో, ఆయన భార్యతో మాట్లాడమని వాడికి చెప్పండి. పిల్లల ఆరోగ్యం చూడటం వాళ్ళ బాధ్యత, మానసిక నిపుణులతో మాట్లాడించే ఏర్పాటు కూడా వాళ్ళకుంది. వాడు బిడియపడితే మీ బ్రాంచి అధ్యక్షుణ్ణి అడిగి నంబరు తీసుకుని మీరే ఫోన్ చేయండి. ‘బతకాలని లేదు’ లాంటి మాట ఏ రూపంలో వచ్చినా వచ్చే సోమవారం దాకా ఆగకండి, ఆ గంటలోనే చేయండి. ఇంగ్లండ్‌లో వైద్య సలహాకి 111, ప్రాణం మీదికొస్తే 999, రాత్రీ పగలూ మనసు విప్పి మాట్లాడేందుకు సమారిటన్స్ వారి 116 123. ఈ మూడు నంబర్లూ వాడి దగ్గర రాయించండి.

మీవారి సంగతి. ఆయన రాయిలాంటి మనిషి అని నేననుకోవడం లేదు. పదిమందిలో కొడుకు చిన్నబోతాడన్న భయమే ఆయనతో ఆ మాట అనిపించింది. వాదనకి దిగితే ఆయన ఇంకా బిగుసుకుంటారు. ఆయన నమ్మే బైబిల్లోంచే ఒక సంగతి గుర్తుచేయండి. మార్కు అనే యోహాను పౌలు, బర్నబాలతో పరిచర్యకి బయల్దేరి, పంఫూలియ దగ్గర వాళ్ళని విడిచి యెరూషలేముకి తిరిగి వెళ్ళిపోయాడు. అతణ్ణి మళ్ళీ వెంట తీసుకెళ్ళే విషయంలో పౌలూ బర్నబా గట్టిగా తగువుపడి విడిపోయారు కూడా. ఆ పౌలే చివరి రోజుల్లో, మార్కు నాకు పనికొచ్చేవాడు, వెంటబెట్టుకుని రమ్మని తిమోతికి రాశాడు.

2019 ఫిబ్రవరి దాకా మీ సంఘంలో మిషనరీలు ఇంటికి ఫోన్ చేసేది క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ మాత్రమే. వారం వారం మాట్లాడుకోవచ్చని పెద్దలే నియమం మార్చారు. ఆరోగ్యం సహకరించక తిరిగొచ్చినవాళ్ళు ఇంటి దగ్గరుంటూ సేవా మిషన్ చేసే దారి కూడా తెరిచారు. హైదరాబాదులో మీ సంఘం ఎలా మొదలైందో మీవారికి తెలిసే ఉంటుంది. 1978లో పసిఫిక్ దీవుల్లోని సమోవాలో ఉంటున్న ధర్మరాజు దంపతులు కొద్దికాలానికి వచ్చి, సొంత బంధువుల ఇళ్ళలో కూర్చుని మాట్లాడటంతోనే కదా. సొంతవాళ్ళ మధ్య చేసిన సేవని మీ సంఘంలో ఎవరూ తక్కువగా చూడలేదు.

మీకూ ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. వాడు నాన్న లేనప్పుడు చెప్పాడు కాబట్టి ఇకమీదట అన్నీ నాన్న చాటునే నడవనివ్వకండి. అలా అలవాటైతే తల్లి దగ్గర ఏడ్చే కొడుకు, తండ్రి దగ్గర నటించే కొడుకు ఇద్దరూ వాడే అవుతాడు. ‘వచ్చెయ్ నాన్నా’ అని మీరు బతిమాలినా కష్టమే. రేపు వాడికి ఉండాలనిపించినా మీకోసం రావలసి వస్తుంది. ఇంటి తలుపు తెరిచే ఉందని తెలిశాక మనసు కుదుటపడి మిగిలిన పదహారు నెలలూ ఉండిపోయే పిల్లలుంటారు, వచ్చేసే పిల్లలూ ఉంటారు. మీ అబ్బాయి ఎటు వెళ్తాడో ఇప్పుడే మనం నిర్ణయించొద్దు.

సోమవారానికి ముందే మీరిద్దరూ మాట్లాడుకోండి. మౌనం ముందు మీరు వీడినా చిన్నతనమేమీ కాదు. అక్కడికీ ఇక్కడికీ ఇప్పుడు ఐదున్నర గంటల తేడా కాబట్టి, ఆయన పని నుంచి వచ్చాక కాల్ కుదిరేలా చూసుకోండి. ఫోన్ ఆయన చేతికే ఇవ్వండి. వాణ్ణి ఇంట్లో పిలిచే పేరుతో పిలిచి, ‘ఉంటావో వస్తావో నువ్వే ఆలోచించుకో. ఎప్పుడొచ్చినా మధురపూడి విమానాశ్రయానికి బండి వేసుకుని నేనే వస్తాను’ అని ఆయన నోటితో అనమనండి. తర్వాత మీరిద్దరూ కాసేపు ఏమీ మాట్లాడకండి. వాడు తేరుకుని చెప్పేదాకా ఆగండి.