రెస్టిట్యూషన్ వాయిదాకి పేడే లోనా? ముందు కోర్టును గడువు అడగండి

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటున్నాను. ఒక కేసులో ప్రొబేషన్ (జైలుకి బదులు షరతులతో బయట ఉండనివ్వడం) పడింది. బాధితులకు 9,600 డాలర్ల రెస్టిట్యూషన్ (నష్టపరిహారం) నెలకు 400 చొప్పున కట్టాలి. త్వరగా వదిలించుకుందామని దాచుకున్న 4,000 మొదట్లోనే కట్టేశాను. తర్వాత ఆరు వాయిదాలు కూడా కట్టాను. ఇప్పుడు గోడౌన్‌లో నా పని వారానికి 40 గంటల నుంచి 24కి తగ్గించారు. వచ్చే వాయిదాకి డబ్బు లేదు. కోర్టుకి చెబితే ప్రొబేషన్ రద్దు చేస్తారేమోనని భయం. పేడే లోన్ (జీతం వచ్చేదాకా ఎక్కువ ఫీజుతో ఇచ్చే చిన్న అప్పు) తీసుకోనా?

జవాబు: వద్దంటే వద్దు. వందకు 15 డాలర్ల ఫీజు వేసుకున్నా రెండు వారాల్లో 460 కట్టాలి. ఏడాది లెక్కన దాదాపు 400 శాతం వడ్డీ! ఇప్పుడు లేని 400 తగ్గిన జీతంలోంచి రెండు వారాల్లో ఎలా వస్తుంది? లోన్ నాలుగుసార్లు పొడిగించుకుంటే ఫీజులే 300 అవుతాయి, అసలు 400 అలాగే ఉంటుంది. ఈలోగా మరో రెండు వాయిదాలు మీద పడతాయి.

అయితే మీ ఇబ్బంది ఈ నెలలో మొదలైంది కాదు. ఆ 4,000 కట్టిన రోజునే మొదలైంది. మంచి ఉద్దేశంతో చాలామంది చేసే పొరపాటే ఇది. దానివల్ల బాకీ తగ్గింది గానీ నెలవారీ 400 తగ్గలేదు. అందులో 1,600 అత్యవసర నిధిగా పక్కన ఉంచుకుని ఉంటే ఇవాళ నాలుగు వాయిదాలు చేతిలో ఉండేవి. కోర్టు బాకీ ఉన్నవాళ్లకి ఈ నిధి మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం. క్రెడిట్ కార్డు బిల్లు తప్పితే స్కోరు పడిపోతుంది, ఈ వాయిదా తప్పితే జడ్జి ముందు నిలబడాలి.

ఇక మీ భయం సంగతి. 1983లో బేర్డెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీని మీదే తీర్పు చెప్పింది. బేర్డెన్ అనే అతను జరిమానా, రెస్టిట్యూషన్ కలిపి 750 డాలర్లు కట్టాలి. తల్లిదండ్రుల దగ్గర అప్పు తెచ్చి 200 కట్టాక ఉద్యోగం పోయింది. మిగతాది ఆలస్యమవుతుందని ప్రొబేషన్ ఆఫీసుకి ముందే చెప్పినా ప్రొబేషన్ రద్దు చేసి జైలుకి పంపారు. ఎందుకు కట్టలేకపోయాడో విచారించకుండా అలా చేయడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. కావాలని ఎగ్గొట్టినవాళ్లకి, కట్టడానికి తగిన ప్రయత్నమే చేయనివాళ్లకి ఈ రక్షణ లేదు. అందుకే మీరు వాయిదా తేదీకి ముందే కదలాలి, కాగితాలతో కదలాలి.

ప్రొబేషన్ ఆఫీసర్‌కి ఈరోజే రాతపూర్వకంగా చెప్పండి. ఆయన నోటిమాటగా ‘సరే’ అన్నా కోర్టు ఆర్డరు మారదు, దాన్ని మార్చాల్సింది జడ్జి. మీ లాయరు ద్వారా, లేదా పబ్లిక్ డిఫెండర్ (లాయరుని పెట్టుకోలేనివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే లాయరు) ఆఫీసు ద్వారా మోషన్, అంటే కోర్టుకి అర్జీ, వేయించండి. గంటలు తగ్గకముందు, తగ్గాక వచ్చిన పే స్టబ్‌లు (జీతం చీటీలు), అద్దె ఒప్పందం, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇప్పటిదాకా కట్టిన 6,400కి రసీదులు, వేరే పనికి పెట్టుకున్న దరఖాస్తులు జతచేయండి. ‘కొంచెం టైమివ్వండి’ అని ఊరుకోకుండా, ఆరు నెలలపాటు నెలకు 150, తర్వాత మళ్లీ 400 అని మీ జీతానికి తగ్గ అంకె చెప్పండి. జడ్జి ఒప్పుకునే వరకు పాత ఆర్డరే నడుస్తుంది కాబట్టి ఈ నెల ఎంత వీలైతే అంత కట్టండి, సున్నా మాత్రం వద్దు. గడువుతో పాటు ప్రొబేషన్ కాలం కూడా పెరుగుతుందా అని లాయర్ని అడగండి. మీకు పౌరసత్వం లేకపోతే ఇమిగ్రేషన్ లాయర్ని కూడా సంప్రదించాలి.

వాయిదా తగ్గిందని ఊపిరి పీల్చుకుని మిగిలిందంతా ఖర్చు పెట్టకండి. జీతం పడ్డ ప్రతిసారీ 20 డాలర్లయినా వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాని కోర్టుకిచ్చే ఖర్చుల పట్టికలో చూపించండి. బంధువుల పేరున దాచారో, ఇన్నాళ్లు మీరు సక్రమంగా కట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరే. గంటలు మళ్లీ పెరిగాక ముందు రెండు వాయిదాలకి సరిపడా 800 పోగెయ్యండి, ఆ తర్వాతే ముందస్తు చెల్లింపుల మాట.

401(కె), అంటే రిటైర్మెంట్ పొదుపు ఖాతా, అందులోంచి తీసుకోవడం ఆఖరి మార్గం. కార్డు మీద క్యాష్ అడ్వాన్స్ పేడే లోన్‌కి తమ్ముడే. కారు అమ్మకండి, పనికి వెళ్లేది దాన్లోనే కదా!