18 ఏళ్ల కారుకు తుప్పు పట్టింది, బాగు చేయించాలా, తుక్కుకు ఇచ్చేయాలా?

తలుపుల అంచుల్లోనూ చక్రాల పైభాగంలోనూ తుప్పు బుడగలు లేచాయని, బాగు చేయడానికి షెడ్డువారు 40,000 రూపాయలు అడిగారని, ఇంజను మాత్రం బ్రహ్మాండంగా ఉందని మీరు రాశారు. ఇంజను సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఇంజను చెడితే సికింద్రాబాదు రాణీగంజ్ దుకాణాల్లో తిరిగి సామాను తెచ్చుకుని వేయించుకోవచ్చు గానీ, కారు నేలరేకు కుళ్లిపోతే అలా కొని తెచ్చి బిగించుకునే వీలుండదు. కాబట్టి తుప్పు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నదే చూడాలి. అది కారును పైకి లేపి కింద నిలబడితే తప్ప తెలియదు.

మా మామగారి కారు ఏపీ 31 నంబరుది. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా, ఏళ్ల తరబడి ఆరుబయట ఉప్పుగాలికి నిలబడిన ఆ బండి, ఆయన మా ఇంటికి వచ్చేసినప్పుడు ఆయనతోపాటే హైదరాబాదుకు వచ్చింది. ఆయన ముచ్చటపడి రంగు వేయించడంతో పైకి నిగనిగలాడుతూ ఉండేది. రిజిస్ట్రేషను రెన్యువల్‌కు వెళ్లే ముందు ఒకసారి చూపిద్దామని ఉప్పల్ వైపు ఒక షెడ్డులో ర్యాంపు మీదికి ఎక్కించాం. అక్కడి పెద్ద మేస్త్రీ స్క్రూడ్రైవరు పిడితో కిందిరేకును ముందు నుంచి వెనక్కి తడుతూ వచ్చాడు. మొదట ఖంగుమన్న చప్పుడు, డ్రైవరు సీటు కిందికి వచ్చేసరికి అట్టపెట్టెను తట్టినట్టు మొద్దుగా మారింది. స్క్రూడ్రైవరును తిప్పి మొనతో నొక్కగానే అది నల్లటి రబ్బరు కోటింగును చీల్చుకుని పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి పొడి, పొరలుగా విచ్చుకున్న రేకు ముక్కలు, వాటితోపాటు గట్టిపడిన పుట్టీ పెళ్ల ఒకటి రాలాయి. అంతకుముందు ఎవరో చిల్లును వెల్డింగు చేయకుండా పుట్టీతో పూడ్చి, పైన కోటింగు కొట్టి డబ్బు పుచ్చుకున్నారన్నమాట. "అతుకెయ్యాలంటే చుట్టూ మంచి రేకుండాలె గద సార్, వెల్డింగు దేనికి పెట్టాలె?" అన్నాడు మేస్త్రీ. మామగారు నొచ్చుకున్నారు గానీ, ముందు షాక్ అబ్జార్బరు పైన బిగించే చోట కూడా రేకు పొరలు లేచి ఉండడం చూశాక ఆయనే బండిని తుక్కుకు ఇచ్చేద్దామన్నారు.

ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే చట్రం, ఉండదు. నేలరేకు, తలుపుల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డులు, పైకప్పును నిలబెట్టే స్తంభాలు కలిసే బరువు మోస్తాయి, గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడేవీ అవే. రన్నింగ్ బోర్డులోనో, షాక్ అబ్జార్బరు, సీటు బెల్టు బిగించిన చోట్లలోనో రేకు మెత్తబడితే నా లెక్కలో ఇక ఆ కారు తుక్కే, ఇంజను ఎంత బాగున్నా సరే. ముందు ఫెండరు, తలుపు అంచు, డిక్కీ మూత లాంటివైతే ధైర్యంగా బాగు చేయించుకోండి. తలుపు కుళ్లడానికి సాధారణ కారణం అడుగున నీళ్లు పోయే రంధ్రాలు దుమ్ముతో మూసుకుపోవడమే. పుల్లతో పొడిస్తే తీరిపోయే ఆ పని ఏ సర్వీసు సెంటరులోనూ చేయగా నేను చూడలేదు. పైగా తడి ఆరని పాత బండికి రబ్బరు కోటింగు ప్యాకేజీ అంటగడతారు. తుప్పు గోకకుండా ఆ పూత పూస్తే తేమ లోపలే ఉండిపోయి, బండి పని ఇంకా తొందరగా ముగుస్తుంది. మీది 2020 అక్టోబరు హైదరాబాదు వరదల్లో మునిగిన బండైతే కార్పెట్టు ఎత్తి, దాని కింది మెత్త ఎలా ఉందో కూడా చూడండి.

15 ఏళ్లు దాటిన పెట్రోలు కారు రోడ్డెక్కకూడదని మీ బంధువు ఎవరో భయపెట్టినట్టున్నారు. అది ఢిల్లీ ప్రాంతపు గొడవ. వాట్సాప్‌లో తిరిగి తిరిగి మన ఊరి చట్టమైపోయింది. ఇక్కడ బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఫిట్‌నెస్ ఉంటే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు కార్లకు 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్సు దీనికి అదనం. మీ బండికి 20 ఏళ్లు రావడానికి ఎంతో కాలం లేదు గనుక ఆ ఖర్చు కూడా ఇప్పుడే కలిపి చూసుకోండి.

తుక్కుకే ఇవ్వాలనుకుంటే, కాటా వేసి అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టే వ్యాపారికి కాకుండా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. బండిని అప్పగించినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త కారు పన్నులో రాయితీ వస్తుంది. కేంద్ర నిబంధనల్లో సొంత వాహనాలకు అది 25 శాతం వరకు ఉంది. ఆర్‌సీ రద్దయ్యేదాకా వదలకండి, లేకపోతే ఆ నంబరుతో ఏ బండి ఎక్కడ తిరిగినా కాగితం మీద యజమాని మీరే.

అన్నిటికన్నా ముందు ఆ 40,000లో వెల్డింగుకు ఎంత, రంగుకు ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ఎక్కువ భాగం రంగుకే పోతుంటే, ఆ షెడ్డుతో ఏ లావాదేవీ లేని ఇంకో మేస్త్రీ దగ్గర బండిని ర్యాంపు ఎక్కించి, స్క్రూడ్రైవరు మీ చేతికే ఇమ్మని అడగండి.