మూడేళ్ల బాబు సోఫా దిగడం లేదు, ఏం చేయాలి?

మీ బాబుకి మూడేళ్లని, ప్లేస్కూల్ నుంచి రాగానే టీవీ ముందు చేరతాడని, చేతిలో ఫోన్ లేకపోతే ముద్ద మింగడని రాశారు. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వాడి వెనక పరిగెత్తలేరు. ఎనిమిది నెలల పాపకి వాకర్ కొనాలా అని కూడా అడిగారు. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని కొందరు అంటారు కానీ, నేనైతే అలా వదిలేయొద్దనే అంటాను. మేం కొన్నేళ్లు ఫిన్లాండ్‌లోని టాంపెరెలో ఉన్నాం. మా పాప అక్కడి డేకేర్‌కి వెళ్లేది. ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లోనే ఉంటున్నాం. రెండు చోట్లా చూశాక నాకు గట్టిగా అనిపించిందొకటే: ఈ వయసు పిల్లలు తమంతట తాము కూర్చోరు, పెద్దవాళ్లమే కూర్చోబెడతాం.

ఒక రోజు బాబు ఎక్కడెక్కడ ఎంతసేపు కూర్చుంటున్నాడో కాగితం మీద రాసి చూడండి. స్కూల్ వ్యాన్, బెంచీ, వర్క్‌షీట్, భోజనానికి కుర్చీ, సాయంత్రం సోఫా, ఆదివారం కారు సీటు. ఫోన్ తీసేసినా ఇవన్నీ అలాగే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో అయిదేళ్లలోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో స్క్రీన్‌తో పాటు ఈ సంగతి కూడా ఉంది. చిన్నపిల్లల్ని తోపుడు బండిలోనో, కుర్చీలోనో, వీపుకి కట్టుకునో ఒకేసారి గంటకు మించి కదలనివ్వకుండా ఉంచొద్దన్నారు. మూడు, నాలుగేళ్ల వాళ్లకి రోజు మొత్తం మీద 180 నిమిషాల కదలిక కావాలి, అందులో కనీసం 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా పరుగులు, గంతులు ఉండాలి. స్క్రీన్ గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. నిద్ర 10 నుంచి 13 గంటలు. మూడు గంటలంటే కంగారు పడకండి, ఒక్కసారే చేయించక్కర్లేదు. పొద్దుట్నుంచి రాత్రి దాకా జరిగే చిన్నచిన్న కదలికలన్నీ అందులోకే వస్తాయి.

ఫిన్లాండ్ 2016లోనే చిన్నపిల్లలకి రోజుకి మూడు గంటల కదలిక కావాలని చెప్పింది. డేకేర్‌లో పాపని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి బయటికి తీసుకెళ్లేవారు. మైనస్ పది డిగ్రీలున్నా, వాన పడుతున్నా అంతే. ప్రతి పిల్లకీ మందపాటి చలికోటు, బురదలో కూర్చున్నా తడవని రబ్బరు ప్యాంటు అక్కడే కొక్కేనికి వేలాడుతుండేవి. టీచర్లు ప్రత్యేకంగా వ్యాయామం నేర్పించేవాళ్లు కాదు. మట్టిగుట్ట, చెట్టు మొద్దులు, మంచు ఉండేవి. పిల్లలు ఎక్కేవాళ్లు, జారేవాళ్లు, పడేవాళ్లు. మోకాలు గీసుకుపోతే టీచర్ కడిగి పంపేది, మేం కూడా దాన్ని పెద్ద విషయం చేసేవాళ్లం కాదు. చలి దేశమే ఇంత చేస్తుంటే, ఏడాదిలో చాలా నెలలు సాయంత్రాలు హాయిగా ఉండే మన ఊళ్లో పిల్లలు ఇంట్లో మగ్గడం నాకు బాధనిపిస్తుంది.

ఇక్కడ మరో ఊరి గురించి చెప్పాలి. జపాన్‌లో 2011 మార్చిలో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగాక, దగ్గర్లోని కొరియామా పట్టణంలో రేడియేషన్ భయంతో రెండేళ్ల వయసు దాకా పిల్లలు రోజుకి 15 నిమిషాలు, మూడు నుంచి అయిదేళ్ల వాళ్లు 30 నిమిషాలు మించి బయట ఉండొద్దన్నారు. 2013 చివర్లో ఆ పరిమితి ఎత్తేశారు. అయినా చాలామంది తల్లులు పిల్లల్ని బయటికి పంపడానికి జంకారు. ఆ ప్రాంతం పిల్లల్లో బరువు పెరగడం కనిపించింది. పరిమితి ఇంకా ఉన్న రోజుల్లోనే, 2011 డిసెంబర్‌లో, ఆ ఊరివాళ్లు ఇసుక గుంటతో సహా పెద్ద ఇండోర్ ఆటస్థలం కట్టుకున్నారు. వాళ్లకి నిజమైన ప్రమాదం ఉంది, అయినా దారి వెతికారు. మన పిల్లల్లో ఎంతమంది ఏ ప్రమాదమూ లేకుండానే రోజుకి ఆ అరగంట కూడా బయట ఉండడం లేదో ఆలోచించండి.

ఇక మీ పాప వాకర్ గురించి: కొనకండి. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది, మెట్ల మీంచి పడి తలకి దెబ్బలు తగులుతున్నాయని. వాకర్ వల్ల నడక ముందుగా రాదు కూడా. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుకునే వాళ్లం మనం. నేల మీద దుప్పటి పరిచి, అందీ అందనంత దూరంలో ఓ స్టీలు గిన్నె పెట్టి పాకనివ్వండి. నిలబడి తోసుకుంటూ వెళ్లే మూడు చక్రాల చెక్కబండి అయితే తర్వాత మెట్లు లేని చోట, మీ కళ్లముందు వాడొచ్చు. 18 నెలలు నిండినా సొంతంగా నడవకపోతే మాత్రం పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ఇక మా ఇంట్లో పని చేసినవి చెప్తాను. ముందు తిండి. అన్ని పూటలా ఫోన్ ఒకేసారి ఆపితే ఇల్లంతా టెన్షన్. రాత్రి భోజనంతో మొదలుపెట్టాం. కింద పేపర్ పరిచి, అందరం కలిసి కూర్చుని, పాప పళ్లెంలో పప్పన్నం పెట్టి తననే కలుపుకోమనేవాళ్లం. కొన్ని రోజులు సరిగ్గా తినలేదు, సగం నేలపాలు చేసింది. మా అత్తగారికి మనసు ఒప్పేది కాదు, "ఒక్క ముద్ద ఫోన్ చూపించి పెట్టనా?" అనేవారు. ఆ రోజులు ఓర్చుకున్నాక ఆకలేస్తే తనే వచ్చి కూర్చోవడం మొదలైంది.

రెండోది సెల్లార్. మా వాచ్‌మన్ పిల్లలు సాయంత్రమంతా అక్కడే దాగుడుమూతలు, నేల-బండ ఆడేవాళ్లు. పై అంతస్తుల పిల్లలు కిటికీల్లోంచి చూసేవాళ్లు. ఇద్దరు ముగ్గురు తల్లులం మాట్లాడుకుని, కార్లు తిరగని మూల చూసుకుని, వంతులవారీగా ఒకరం కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లం. ఆడించేవాళ్లు అక్కర్లేదు, తోటి పిల్లలుంటే చాలు. ఆ పిల్లలు మా పాపకి నేర్పినన్ని ఆటలు నేనూ నేర్పలేదు. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం పొద్దున ఏడులోపు, మళ్లీ చీకటి పడ్డాక దింపండి.

మీ అత్తగారు పరిగెత్తక్కర్లేదండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పడం టీవీ ముందు కూర్చోవడంలాంటిది కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కూర్చున్నప్పుడు కథలు చెప్పమనే అంటుంది. ఆవిడ కుర్చీలోంచే "ఆ గదిలోంచి నా కళ్లద్దాలు తే, ఉల్లిపాయలు బుట్టలో వెయ్యి, ఉతికిన బట్టలు అందించు" అని పనులు చెప్పొచ్చు. మూడేళ్ల పిల్లలకి అవి ఆటలే. గదిలోనే చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగినా ఆయాసం వస్తుంది.

చివరగా ప్లేస్కూల్. వచ్చేసారి కలిసినప్పుడు ఎన్ని అక్షరాలు వచ్చాయని కాకుండా, బాబు రోజులో ఎంతసేపు ఆరుబయట ఉంటున్నాడో అడగండి. మూడేళ్ల నుంచి మొదలయ్యే దశలో చదువు ఆటల ద్వారానే సాగాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది, ఆ మాట ధైర్యంగా చెప్పొచ్చు. సరైన జవాబు రాకపోతే మరో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల్ని కలుపుకుని వెళ్లండి, ఒక్కరు అడిగితే పట్టించుకోనివాళ్లు నలుగురు అడిగితే వింటారు.