క్రోమ్, ఫైర్‌ఫాక్స్ స్పీడ్ రోజుకో రకంగా వస్తోందా?

నిన్న క్రోమ్ గెలిచి, ఇవాళ అదే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ గెలిచిందంటే, తేడా బ్రౌజర్లది కాకపోవచ్చు. ఫోన్ వేడిది అయ్యుంటుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. రెండోసారి నడిపిన బ్రౌజర్‌కే దెబ్బ.

1. ఛార్జర్ తీసేయండి, బ్యాటరీ సేవర్ ఆపండి.
2. యాడ్ బ్లాకర్ ఒకదాంట్లోనే ఉంటే పోలిక దండగ. తీసేయండి.
3. బ్రౌజర్ వేగం కొలిచే వెబ్‌పేజీ స్పీడోమీటర్ 3 ఉంది, ఆ టెస్ట్ నడపండి. పేజీ తెరుచుకున్నాక నెట్ స్పీడ్‌తో దానికి పెద్దగా పని లేదు.
4. చాలామంది వదిలేసేది ఇదే: ప్రతి రన్ తర్వాత కవర్ తీసి, పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టండి. కెమెరా పక్కన వేలు ఆనిస్తే వెచ్చగా తగలకూడదు. వరస కూడా మార్చండి: క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్.

ఐఫోన్ అయితే ఇంత శ్రమ వద్దు. మన దగ్గర అందులో రెండూ వెబ్‌కిట్ (ఆపిల్ బ్రౌజర్ ఇంజిన్) మీదే నడుస్తాయి.