మీటరు మారేదాకా స్విచ్ వేయకు

అమ్మలూ,

విజయనగరం ఇంటి మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిస్తున్నావని, దాన్ని బిగించే వెండరు కూడా కుదిరాడని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో పాటే గుండెల్లో రాయి కూడా పడింది. ఫోన్‌లో చెబితే "ఊఁ, సరే మామయ్యా" అంటావు, పెట్టేశాక మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివి పక్కన పడేయకు, వెండరు వచ్చిన రోజు చేతిలో పట్టుకుని నిలబడు.

తేలిక సంగతులు ముందు. మేడ మీది సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్. దాని పోర్టల్‌లో రాష్ట్రం, మీకు కరెంటిచ్చే సంస్థ (డిస్కం) ఈపీడీసీఎల్, బిల్లు మీది సర్వీస్ నంబరు, ఫోన్ నంబరు ఇచ్చి నమోదు చేసుకో. నమోదుకు రుసుము లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకు. 2024లో నిబంధనలు మార్చారు కాబట్టి 10 కిలోవాట్ల దాకా సాధ్యాసాధ్యాల పరిశీలన లేకుండానే, కాగితాలు సక్రమంగా ఉంటే దరఖాస్తు ఆమోదం పొందినట్టే లెక్క. తరువాత పోర్టల్ జాబితాలో ఉన్న వెండరుతో ఒప్పందం, బిగింపు, నెట్ మీటరుకు (తెచ్చుకున్న కరెంటును, లైన్లోకి ఇచ్చినదాన్ని విడివిడిగా లెక్కపెట్టేది) దరఖాస్తు, డిస్కం వాళ్ల తనిఖీ, కమిషనింగ్ రిపోర్టు (సోలార్ పని మొదలుపెట్టిందన్న కాగితం), చివర్న బ్యాంకు వివరాలు. సబ్సిడీ కిలోవాటుకు 30,000 చొప్పున రెండింటికి 60,000, మూడోదానికి 18,000. మొత్తం 78,000. నాలుగోది పెట్టినా పైసా పెరగదు, కాబట్టి వెండరు ఐదు అంటే మొహమాటపడకు.

బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీ ఇంటికి డిస్కం ఒప్పుకున్న కిలోవాట్లు) ఎంతుందో చూడు. మూడుకు తక్కువుంటే డిస్కం పెంచుతుంది, దానికి తగ్గట్టు నెలవారీ ఫిక్స్‌డ్ చార్జీ కాస్త పెరుగుతుంది. అది చూసి మోసం అనుకుని గొడవ పడకు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ సర్వీసు ఇంకా మీ తాతయ్య పేరు మీదే ఉంది. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఎవరూ మార్చలేదు. ఎందుకు మార్చలేదో నాకు తెలుసు. నెలనెలా బిల్లు కాగితం మీద ఆయన పేరు అచ్చయి వస్తుంది, మీ అమ్మ దాన్ని మడత పెట్టే ముందు ఒకసారి చూసుకుంటుంది. ఆ ఇంటికి ఆయన పేరు మీద వచ్చేది ఇప్పుడు అదొక్కటే. కానీ అమ్మలూ, సబ్సిడీ పడేది బిల్లులో పేరున్న మనిషి ఖాతాలోకి. తాతయ్యకు ఖాతా ఎక్కడిది? ప్యానెళ్లు ఎక్కాక పేరు మార్చబోతే పోర్టల్‌లో ఒక పేరు, మీటరు ఒప్పందంలో ఒక పేరు, ఇన్వాయిస్‌లో ఇంకో పేరు అయి కూర్చుంటుంది. అందుకని ముందు పేరు మార్పు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తాజా ఇంటి పన్ను రసీదు, మిగతా వారసులకు అభ్యంతరం లేదని సంతకాలు. నా సంతకం కావాలంటే పంపు, ఆ రోజే పెట్టి పంపిస్తాను. మీ చిన్న మామయ్యను ముందే అడుగు, చివరి నిమిషంలో అడిగితే ఆయనకు పౌరుషం. కొత్త బిల్లు మీ అమ్మ పేరుతో ఒకసారి వచ్చాకే పోర్టల్ తెరువు. ఆధార్‌లో, బ్యాంకులో, బిల్లులో ఇంటిపేరు స్పెల్లింగ్ ఒకటేనా అని అక్షరం అక్షరం చూడు. తాతయ్య పేరున్న ఆఖరి బిల్లు మాత్రం పారేయకుండా బీరువాలో పెట్టించు.

ప్యానెళ్ల విషయంలో ఒక్క మాట అడుగు: డీసీఆర్ వేనా? అంటే ప్యానెలే కాదు, లోపల ఎండను కరెంటుగా మార్చే సెల్ కూడా మన దేశంలో తయారైనది కావాలి. "మేడిన్ ఇండియా" అన్న స్టిక్కరు చాలదు. బయటి సెల్ తెచ్చి ఇక్కడ అతికించినవి చవగ్గా దొరుకుతాయి, వాటికి సబ్సిడీ రాదు. పైకి ఎక్కించకముందే ప్రతి ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఫోటో తీసి ఇన్వాయిస్‌తో సరిచూడు. ఎక్కాక వెనక్కి వంగి చూడడం కష్టం. అయిదేళ్ల నిర్వహణ బాధ్యత వెండరుదేనని ఒప్పందంలో ఉందో లేదో చదువు. డబ్బు మొత్తం ముందే ఇచ్చేయకు. కనీసం పదోవంతు నెట్ మీటరు బిగించిన రోజు దాకా నీ దగ్గరే ఉంచుకో.

ఇక ఊరూరా జరిగే పాత పొరపాటు. ఈ ఉత్తరం రాస్తున్నదే దీనికోసం.

ప్యానెళ్లు ఎక్కుతాయి, వాటి డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టరు గోడకు బిగుస్తుంది, మనసు ఆగదు. నెట్ మీటరు వచ్చేదాకా రెండు మూడు వారాలు ఖాళీగా ఎందుకుండాలి అనిపిస్తుంది. వెండరు కుర్రాడు కూడా "ఆన్ చేసేద్దాం మేడం, కరెంటు వృథా ఎందుకు" అంటాడు. ఆన్ చేస్తారు. ఇన్వర్టరు మీద పచ్చ దీపం వెలుగుతుంది, ఇంటిల్లిపాదీ ఫోటోలు. నెల తిరిగేసరికి బిల్లు ముందటికంటే ఎక్కువ వస్తుంది. అప్పుడు డిస్కం మీద, వెండరు మీద, సూర్యుడి మీద తిట్లు.

ఎందుకు ఎక్కువొస్తుందో అర్థమైతే నువ్వు ఆ స్విచ్ ముట్టవు. పాత పళ్లెం మీటర్లలో అల్యూమినియం చక్రం తిరిగేది. వచ్చే తీగను, పోయే తీగను తారుమారు చేస్తే వెనక్కి తిరిగి రీడింగు తగ్గేది. దొంగతనం అలా జరిగేది. దాన్ని ఆపడానికి ఎలక్ట్రానిక్ మీటర్లను, కరెంటు ఏ దిక్కుకు పారినా ముందుకే లెక్కపెట్టేలా చేశారు. ఇప్పుడు నీ గోడ మీద ఉన్నది ఆ రకమే అనుకో. మేడ మీద నుంచి లైన్లోకి పోయే ప్రతి యూనిట్‌నూ నువ్వు వాడుకున్నట్టే రాసుకుంటుంది.

లెక్క కడదాం. ఇంట్లో రోజుకు 10 యూనిట్లు వాడతారనుకో: పగలు 4, రాత్రి 6. మూడు కిలోవాట్లకు రోజుకు సుమారు 12 యూనిట్లు తయారవుతాయి. పగటి 4 ఇంట్లోనే ఖర్చు, మిగిలిన 8 లైన్లోకి. పాత మీటరు రాత్రి 6కు ఆ 8 కలిపి రోజుకు 14 వేస్తుంది. నెలకు 420. సోలార్ లేనప్పుడు 300. మన శ్లాబుల్లో 225 దాటితే యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. యూనిట్ల ఖర్చే చూసినా 300కు సుమారు 1,673 రూపాయలైతే, 420కి 2,743. అంటే నువ్వు కరెంటు ఇచ్చి, దానికి వెయ్యి రూపాయలు ఎదురు కట్టావన్నమాట! అదే నెట్ మీటరు ఉంటే తెచ్చుకున్నది 180, ఇచ్చింది 240. యూనిట్ల కింద కట్టేదేమీ ఉండదు, ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీల్లాంటివే మిగులుతాయి. పైగా అనుమతి లేకుండా లైన్లోకి కరెంటు పంపడం నిబంధనల ఉల్లంఘన. తనిఖీకి వచ్చినవాళ్లు ఇన్వర్టరు తెర మీద అప్పటికే నమోదైన యూనిట్లు చూస్తే నువ్వేం చెబుతావు?

కాబట్టి పని పూర్తయిన రోజు ఇన్వర్టరు దగ్గర డీసీ ఐసొలేటరు (ప్యానెళ్ల వైపు స్విచ్), ఏసీడీబీ అనే పెట్టెలో ఎంసీబీ (ఇంటి వైపు స్విచ్) రెండూ కిందికి దించి, మీద టేపు అంటించి, "మీటరు వచ్చేదాకా వేయరాదు" అని రాసి పెట్టు. నవ్వొస్తోందా? పెట్టు.

ఈ పట్టుదల డబ్బు కోసమే అనుకోకు. స్తంభం ఎక్కే మనిషి కోసం. లైన్ ఆపాం అనుకుని వాడు తీగ మీద చెయ్యేస్తాడు. ఆ వేళ ఏదో ఇంటి మేడ మీద నుంచి కరెంటు వస్తే? అందుకే గ్రిడ్‌కు, అంటే వీధి లైనుకు, కలిపే ఇన్వర్టర్లకు, లైన్లో కరెంటు పోగానే రెండు సెకన్లలో తమంతట తాము ఆగిపోయే గుణం పెట్టారు. "కరెంటు పోయినా మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది" అని నువ్వు మీ అమ్మతో అన్నావట. తిరగదు తల్లీ. బ్యాటరీ లేకుండా పెట్టే ఈ రకంలో, ఎండ మండుతున్నా కరెంటు పోతే సోలారూ పోతుంది, అదే దాని మంచితనం. పరీక్ష కూడా సులువే: నెట్ మీటరు బిగించి ఆన్ చేసిన రోజు మంచి ఎండలో మెయిన్ దించమను, ఇన్వర్టరు వెంటనే మూగబోవాలి. మళ్లీ వేసినా చటుక్కున లేవకూడదు, కొద్ది నిమిషాలు లైన్‌ను గమనించి అప్పుడు కలవాలి.

మీ ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టరు ఒకటుంది కదా. సోలార్ తీగను దాని అవుట్‌పుట్ వైపు కలపనివ్వకు. కలిపితే కరెంటు పోయినప్పుడు సోలార్ ఇన్వర్టరు ఆ బ్యాటరీ కరెంటునే లైన్ అనుకుని ఆన్‌లోనే ఉండి, దాని నెత్తిన తన కరెంటు కుమ్మరిస్తుంది. పాతది కాలిపోతుంది. సోలార్ కలవాల్సింది మెయిన్ బోర్డులో, పాత ఇన్వర్టరుకు ముందు.

ఇంకో భయం గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నీకు చిన్నతనం, మంచం కింద దూరి కూర్చున్నావు. మన తీరంలో కట్టడాలు తట్టుకోవాల్సిన (డిజైన్) గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఒక్కో ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్ల తెరచాప లాంటిది, ఆరు పెడుతున్నావు. హైదరాబాదులో సరిపోయిన సన్న గొట్టాలు ఇక్కడ పనికిరావు. హాట్ డిప్ గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా జింకు పూత) చేసిన స్ట్రక్చరు, స్టెయిన్‌లెస్ బోల్టులు, కాంక్రీటు దిమ్మెలు స్లాబులోకి యాంకరు చేసి ఉండాలి, ఊరికే పెట్టినవి కాకూడదు. స్లాబులో రంధ్రం పడిన ప్రతిచోటా వాటర్‌ప్రూఫింగ్ చేయించు. బట్టలారేసుకోవడానికి వీలుగా ఎత్తు పెంచుతానంటే వద్దను, ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది, షెడ్డు వేశారేమోనని మున్సిపాలిటీ వాళ్లూ అడుగుతారు. అంతగా కావాలంటే ముందే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలువు.

ఎర్తింగు గుంతలు మూడు, వేరువేరుగా: డీసీ వైపు, ఏసీ వైపు, పిడుగు కడ్డీకి. ఒక్క గుంతలో మూడు తీగలు కట్టి ఫోటో తీసే ఘనులున్నారు. ఎర్త్ టెస్టరుతో అయిదు ఓములకు తక్కువ చూపించమను. మేడ మీద ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు ప్రతి జతలో రెండూ ఒకే కంపెనీవి కావాలి. జత కుదరని చోట వేడెక్కి కరుగుతాయి. ఎండున్నంతసేపు ఆ తీగల్లో మూడు వందల వోల్టుల డీసీ ఉంటుంది, కింద మెయిన్ దించినా సరే. పీకడం, తడిమి చూడడం నీ పని కాదు, మీ అమ్మ పని అంతకంటే కాదు.

ఆవిడ సంగతే నాకు దిగులు. దుమ్ము పడితే తుడవాలని ఎవరో చెప్పారట, అప్పుడే చీపురు సిద్ధం చేసుకుంది. మేడ మెట్లకు పట్టుకునే కమ్మీ లేదు, డిసెంబరు మంచుకు నాచు పట్టి ఉంటుంది. ముందు కమ్మీ వేయించు, తరువాతే ప్యానెళ్లు. ట్యాంకు దగ్గర గొట్టానికి ఒక కొళాయి, పొడుగు పైపు పెట్టించి, పొద్దున్నే ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు దూరం నుంచి నీళ్లు కొట్టమను. మధ్యాహ్నం వేడి అద్దం మీద చన్నీళ్లు కొడితే పగుళ్లివ్వచ్చు. ఆ కొబ్బరిచెట్టు నీడ సాయంత్రం ఏ ప్యానెల్ మీద పడుతుందో ఒకరోజు కూర్చుని చూడు. ఒక దాని మీద పడినా వరుసంతా కుంటుతుంది. తాతయ్య పెట్టిన చెట్టు, కొట్టమని నేను చెప్పను, ప్యానెళ్లను జరపమను.

నెట్ మీటరు బిగించే రోజు నువ్వు ఊళ్లో ఉండేలా చూసుకో. పాత మీటరు తీసే ముందు చివరి రీడింగు ఫోటో తియ్యి. కొత్తదానిలో దిగుమతి, ఎగుమతి రెండు అంకెలూ విడివిడిగా కనిపించాలి. మధ్యాహ్నం ఎండలో పావుగంట నిలబడు: ఎగుమతి అంకె కదలాలి, దిగుమతి అంకె నిలిచిపోవాలి. రెండోదే కదులుతుంటే వాళ్లు వీధి మలుపు దాటకముందే వెనక్కి పిలువు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, రెండు అంకెలూ చదివి వినిపించు.

మామయ్య